నల్ల కాగితము విప్పిన ఉదయము

బేతంచెర్ల యన్నంతనే నాపరాళ్ళును, వానిని కోయు యంత్రముల రొదయు, 1884–85లలో భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ కుమారునితో గూడి త్రవ్వించిన బిల్లసర్గం గుహల చీకటియు స్ఫురించును గాని, నేను పోయినది వేరొక చీకటిని చూచుటకు. ఊరికి కొంత దూరమున, నాపరాతి బండలే గోడలుగా నిలిపిన చాకీ, అనగా పసి పట్టుపురుగుల పెంపకశాలలో, తెల్లవారకముందే, ఆ యింటి యిల్లాలు నల్ల కాగితమున చుట్టిన గుడ్ల అట్టలను నా ముందుంచెను.

గుడ్లు పొదుగ నారంభించిన యెనిమిది తొమ్మిది దినములకు పెంకులోని పిండము తల నల్లబడి సూదిమొనంత చుక్కయై కనబడును. మరునాటికి గుడ్డంతయు నీలివన్నె దాల్చును. చుక్క కనబడినది మొదలు కాంతి సోకనీయక కప్పియుంచి, పుట్టవలసిన నాటి వేకువను ఒక్కసారిగా వెలుతురు చూపుదురు. ముందుగా సిద్ధమైనవి చీకటిలో ఆగియుండగా వెనుకబడినవి వానిని కలిసికొనును. అన్నియు దాదాపుగా ఒకే ఉదయమున వెలువడును.

“వెలుతురు సోకిందంటే ముందర తయారైనేవి ముందరే పుట్టేస్తాయి సామీ, తక్కినేవి మర్నాడు. అప్పుడు ఆకు యాదానికని ఎయ్యల్ల?” అని ఆమె యడిగెను. ప్రశ్న సమంజసమే. రైతులు జ్వరమనెడి కుబుసపు నిద్ర ఈ పురుగునకు నాలుగుమార్లు వచ్చును. వయస్సులు కలగలిసినచో కొన్ని నిరాహారమై పడియుండ కొన్ని ఆకలిగొనును.

కాగితము విప్పిన కొంతసేపటికి, మూడు మిల్లీమీటర్ల నల్లని నూగు పురుగులు, తలకు ఇరుప్రక్కల ఆరేసి చిరుకన్నులు గలవి, చీమలబారువలె కదలసాగెను. మసక వెలుగు వీనికి ప్రియము, ఎండ వెగటు. వెలుగు ఒకవైపునుండియే వచ్చినచో తట్ట అంచున గుమిగూడునని కిటికీకి గోనెపట్ట దించియుండిరి.

ఇంతకంటె విచిత్రమైనది ఇంకొకటి కలదు. ఏటికి రెండు సంతతుల జాతిలో, 25 డిగ్రీల వెచ్చదనమున దీర్ఘకాలము వెలుతురులో పొదిగిన గుడ్డునుండి పుట్టిన ఆడుపురుగు, చిలుకయైన పిమ్మట, మాసములకొలది నిద్రించు గుడ్లను పెట్టును. 15 డిగ్రీల చలువలో, చీకటిలో పొదిగిన గుడ్డునుండి పుట్టినదైనచో అది పెట్టు గుడ్లు నిద్రలేకయే పగులును. జపాను శాస్త్రజ్ఞుడు కొగురే 1933లో దీనిని సవిస్తరముగ ప్రకటించెను. తల్లి పెంకులోనుండగా పొందిన వెలుతురు బిడ్డల నిద్రను నిర్ణయించుట, నా దృష్టిలో, పట్టుకంటె విలువైన సంగతి. ఈ యిల్లాలికి దానితో పనిలేదు. విత్తన కేంద్రమువారు గుడ్లను హైడ్రోక్లోరిక్ ఆమ్లమున ముంచి, నిద్ర చెడగొట్టియే పంపుదురు.

“రేపు పుట్టువానిని ఏమి చేయుదువమ్మా?” అంటిని.

“వాటిని కలుపుకోము సామీ” అని, తరిగిన లేత మల్బరీ ఆకు చల్ల నారంభించెను.