ప్యాకెట్ మీద బొమ్మ చూసి విత్తనం కొనం కదా, లాప్‌టాప్ కూడా అంతే



ఈ పేజీలో ఎప్పుడూ తామర పురుగు గురించో, డ్రిప్పు గురించో రాస్తుంటాను. ఈసారి లాప్‌టాప్ గురించి రాస్తున్నా. నవ్వకండి. ఇంటర్ అయిపోయి ఇంజినీరింగులో చేరే పిల్లలు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఫీజు, హాస్టలు అయ్యాక మూడో పెద్ద ఖర్చు ఇదే. ఇందులో నేను ఒకసారి దెబ్బతిన్నా. ఆ సంగతి చెప్పకుండా మిగతాది చెప్తే అబద్ధం అవుతుంది.

2020లో కరోనా టైములో మా పెద్దోడికి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. టౌనుకెళ్ళి, షాపులో అబ్బాయి "చదువుకి ఇది చాలు అంకుల్" అంటే 22,000 పెట్టి ఒకటి తెచ్చా. కొత్త డబ్బా, మెరిసే మూత, బ్యాగు ఫ్రీ. లోపల ఏముందో నేను అడగలేదు. సెలెరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి. ఈ మాటలు నాకు ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. ఆన్ చేస్తే టీ తాగి వచ్చేదాకా తెరుచుకునేది కాదు. వాడు గంటలు గంటలు దాని ముందు కూర్చుంటే "ఎప్పుడు చూడు గేములే" అని తిట్టేవాణ్ణి. గేము కాదు కదా, క్లాసు వీడియో కూడా ఆగి ఆగి వచ్చేదట.

ఈ సంగతి వాడు నాకు ఐదేళ్ళ తర్వాత చెప్పాడు. పోయినేడు చెల్లెలికి కొనే మాట వచ్చినప్పుడు. "నాన్నా, ఈసారి నేను చూస్తా, అది నాలాగా ఫ్రెండ్స్ రూముల చుట్టూ తిరగకూడదు" అన్నాడు. ప్రాజెక్టు పని అంతా రాత్రిళ్ళు పక్కవాళ్ళ లాప్‌టాప్ ఖాళీ అయ్యాక చేసుకున్నాడట. ఒక సబ్జెక్టు తప్పింది కూడా ఆ సెమిస్టరులోనే. "అప్పుడే చెప్పొచ్చుగా" అన్నా. "22,000 ఎట్లా తెచ్చావో చూశాగా" అన్నాడు. ఇంకేం మాట్లాడతాను.

అమ్మాయికి సీటు వచ్చింది కంప్యూటర్ సైన్సులో. పోయినేడు మిర్చి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 అని ప్రకటించాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. అందుకే ఇంట్లో ప్రతి ఖర్చూ క్వింటాళ్ళ లెక్కలో చూసుకుంటున్నాం.

అమ్మాయిని కూర్చోబెట్టి "ఏం పనికి కావాలో రాయమ్మా" అన్నా. కోడింగు, ఆండ్రాయిడ్ స్టూడియో, ఆన్‌లైన్ క్లాసులు, వర్డు, ఎక్సెలు అని రాసింది. చివర చిన్న అక్షరాలతో "మైన్‌క్రాఫ్ట్, వాలరెంట్" అని రాసింది. "అవేంటి?" అన్నా. తల దించుకుంది. గేములంట. మా ఇంటావిడ "చదువుకి పంపేది ఆడుకోడానికా" అంది. నాకు మాత్రం పెద్దోణ్ణి ఊరికే తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి. మనం చిన్నప్పుడు రచ్చబండ మీద గీతలు గీసి పులి-మేక ఆడలేదా? పగలంతా పని చేసి సాయంత్రం వాలీబాల్ ఆడలేదా? "రాసింది కొట్టెయ్యకు, దాన్ని కూడా లెక్కలో పెడదాం" అన్నా.

ఇక షాపుకెళ్ళాం. అక్కడ రెండు రకాల మాటలు వినబడ్డాయి. ఒకటి, గేములంటే 84,000 గేమింగ్ లాప్‌టాప్ తీసుకోవాల్సిందే అని. మన లెక్కలో ఏడు క్వింటాళ్ళ మిర్చి పైనే. దాంట్లో వేరే గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది, బలం ఎక్కువే, కాదనను. కానీ రెండు కిలోల పైన బరువు, ఛార్జరు ఇటుకలా ఇంకో అరకిలో, గేము ఆడితే బ్యాటరీ ఇట్టే అయిపోతుంది. అర ఎకరం పెరడు దున్నడానికి 50 హెచ్‌పీ ట్రాక్టరు కొన్నట్టు. అమ్మాయి ఆడే రెండు గేములకి అంత అవసరం లేదు. పెద్ద పెద్ద కొత్త గేములు ఆడేవాళ్ళకి, సివిల్, మెకానికల్‌లో త్రీడీ డిజైన్లు చేసేవాళ్ళకి ఆ కార్డు పనికొస్తుంది.

రెండో మాట, "ఇదిగో రైజెన్ 5, లేటెస్టు, 38,000కే" అని. నేను ఆశపడ్డా. పెద్దోడు స్టిక్కరు చూసి ఆగడు కదా, పూర్తి నంబరు అడిగాడు. 7520యు. "వద్దు నాన్నా" అన్నాడు. ఎందుకో బయటికి తీసుకొచ్చి చెప్పాడు. ఇది మనవాళ్ళు బాగా వినాలి.

ఆ నంబర్లలో మొదటి అంకె 7 అంటే 2023 వరస అని. చూడ్డానికి కొత్తది. కానీ మూడో అంకె చూడాలి. అక్కడ 2 ఉంటే లోపలి డిజైను జెన్ 2, అంటే 2019 నాటిది. అదే 7530యు అయితే మూడో అంకె 3, జెన్ 3, 2020 నాటిది. పేరు రెండింటికీ రైజెన్ 5. గేములకి పనికొచ్చే గ్రాఫిక్స్ కోర్లు మొదటి దాంట్లో 2, రెండో దాంట్లో 7. పైగా 7520యులో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకోలేం. నాకు వెంటనే పాత విత్తనం కొత్త ప్యాకెట్లో పోసి అమ్మడం గుర్తొచ్చింది. ఇక్కడ మోసం అనలేం, నంబరు మీదే రాసి ఉంది. చదవడం రాని మనదే లోటు. లాటు నంబరు చూడకుండా విత్తనం కొంటామా?

ఇంటెల్‌లో కోర్ ఐ5 అని చూసి ఆగొద్దు. 1235యు, 12450హెచ్ లాంటి నంబర్లలో మొదటి రెండంకెలు తరం, అంటే 12వ తరం. చివర యు ఉంటే కరెంటు తక్కువ తాగేది, హెచ్ ఉంటే బలం ఎక్కువ, బ్యాటరీ తొందరగా తాగేది.

చివరికి 7530యు ఉన్నదే తీసుకున్నాం. 47,500. దాంట్లో 8 జీబీ ర్యామ్, పక్కన ఖాళీ స్లాటు. వారంటీ పోకుండా కంపెనీ సర్వీసు సెంటర్లోనే ఇంకో 8 జీబీ వేయించాం, 2,300. మొత్తం 49,800. నాలుగు క్వింటాళ్ళ పైచిలుకు. అందులో 18 శాతం జీఎస్టీయే 7,600 దాకా ఉంది. రెండో ర్యామ్ ఎందుకంటే, వేరే గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో గేము కూడా ఆ ర్యామ్ మీదే నడుస్తుంది. ఒకటే ఉంటే ఒంటెద్దు బండి, రెండు ఉంటే కాడికి జత కుదిరినట్టు. ఇప్పుడు ఆండ్రాయిడ్ స్టూడియో ఈడ్చకుండా నడుస్తోంది, ఆ గేములు తక్కువ సెట్టింగుల్లో బాగానే ఆడుతున్నాయి.

ఇంకొన్ని మాటలు, మేం నేర్చుకున్నవి.

స్టోరేజి అంటే ఎస్ఎస్‌డీ 512 జీబీ చూసుకోండి. 64, 128 జీబీ ఈఎంఎంసీ అని ఉంటే అది మా పాత కథే.

స్క్రీను ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ అని ఉందో లేదో అడగండి. షాపు లైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. కాస్త పక్క నుంచి చూడండి, రంగు వెలిసినట్టు కనిపిస్తే వద్దు. నాలుగేళ్ళు పిల్ల కళ్ళు దానికే అంటుకుని ఉంటాయి.

సెకండ్ హ్యాండు తప్పు కాదు, మనం ట్రాక్టర్లు కొనట్లేదా? కానీ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11 పద్ధతిగా ఎక్కాలంటే ఇంటెల్ అయితే 8వ తరం, ఆ పైది ఉండాలి. అంతకన్నా పాతది ఎంత తక్కువకి ఇచ్చినా ఆలోచించండి. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో అక్కడే కూర్చుని చూడండి.

బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. మొలక రాకపోతే లాటు నంబరున్న బిల్లు లేనిదే మన మాట ఎవరు వింటారు? ఇదీ అంతే.

పరుపు మీద పెట్టి వాడనివ్వకండి. కింద గాలి కన్నాలు మూసుకుపోతే కోత మిషను రేడియేటరుకి పొట్టు పట్టినట్టే, వేడెక్కి నెమ్మదిస్తుంది. ఉరుములు మెరుపులప్పుడు ఛార్జరు పీకెయ్యాలి.

సంక్రాంతికి అమ్మాయి ఇంటికొచ్చింది. రాత్రి పక్కన కూర్చుని ఆ మైన్‌క్రాఫ్ట్ ఏంటో చూశా. అందులో కూడా వ్యవసాయమే! పారతో దున్ని గోధుమ వేసింది. "నీళ్ళు నాలుగు గళ్ళ దూరం దాకే అందుతాయి నాన్నా, అందుకే మధ్యలో కాలవ తీశా" అంది. మరి పంట ఎవరు కొంటారన్నా. "ఊళ్ళో ఒక రైతు ఉంటాడు, 20 గోధుమలకి ఒక పచ్చరాయి ఇస్తాడు" అంది. అక్కడ కొనేది కూడా రైతేనంట. కమిషను ఎంతమ్మా అంటే పడీ పడీ నవ్వింది. పెద్దోడు కూడా నవ్వాడు. నేను లేచి ఆ పాత లాప్‌టాప్ ఎక్కడుందని అడిగా. అటక మీద ఉందన్నాడు. ఉండనీ అన్నా. దాన్ని అమ్మబుద్ధి కాలేదు, చూడబుద్ధీ కాలేదు.

మీ పిల్లల్ని షాపుకి తీసుకెళ్ళే ముందు ఇంట్లో కూర్చోబెట్టి, ఏం పనికి కావాలో కాగితం మీద రాయించండి. ఆడుకునేవి కూడా రాయమనండి. దాచిపెట్టి అడిగేదానికన్నా చెప్పి అడిగేదే చవగ్గా పడుతుంది. షాపులో మాత్రం పూర్తి నంబరు చదవకుండా డబ్బు తియ్యకండి.

నాకు తెలిసింది ఇంతే. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటా. వచ్చే పోస్టు మళ్ళీ మిర్చి నారు మీదే.