ఇనుమునందలి మెలిక

డెట్రాయిట్ శివారున మా యింటి గ్యారేజీలో, కారు నిలుపవలసిన చోట, ఇండియానా రాష్ట్రపు సౌత్ బెండ్ పట్టణమున తయారైన పాత లేత్ యొకటి నెలకొనియున్నది. ఓబ్రయన్ వంశపు కవల సోదరులు 1906లో స్థాపించిన సంస్థ దానిని నిర్మించెను. లేత్ నడుపు విధమును గూర్చి ఆ సంస్థ వెలువరించిన చిన్న పుస్తకము తరతరముల అప్రెంటిసులకు పాఠ్యగ్రంథమైనది.

ఇట్టి యంత్రమును క్రొత్తచోట నిలుపుటయనగా మట్టము కుదుర్చుటయే యని పలువురు తలంతురు. నా దృష్టిలో మట్టము సాధనమే గాని సాధ్యము కాదు. అలలపై ఊగు ఓడలలోని లేత్‌లును చక్కని గుండ్రని కడ్డీలను చెక్కుచునే యున్నవి గదా! మనము వెదకవలసినది యంత్రమునకు ఆధారమగు పొడవాటి బెడ్డునందలి మెలికను. తాకిచూచిన అచలమని తోచు ఆ పోతయినుము, ఒక పాదపు బోల్టు రవంత ఎక్కువ బిగిసినంతనే, కంటికి కానరాని వంకర తిరుగును.

తాపీమేస్త్రీ రసమట్టము దీనికి చాలదు. ఈ పనికై చేసిన సున్నితపు మట్టమున బుడగ ఒక్క గీత జరిగినచో, అడుగు పొడవునకు అంగుళములో 2,000వ వంతు ఎత్తుభేద మున్నట్లు. అరచేతి వెచ్చదనము సోకినను బుడగ జరుగును గావున, మట్టమును బెడ్డుపై అడ్డముగా నుంచి, చేయి తీసి, బుడగ స్థిరపడువరకు వేచి, పిదప మట్టమును త్రిప్పిపెట్టి మరల చూడవలెను.

అయినను తుదితీర్పు కోతదే. చక్కులో లావుపాటి కడ్డీని బిగించి, టెయిల్‌స్టాకు ఆనిక నీయక, రెండుచివరల ఒక్కొక్క పట్టీ నిలుచునట్లు నడిమిభాగమును తగ్గించి, టూలు అమరికను మార్చక రెండు పట్టీలను సన్నగా కోసి, మైక్రోమీటరుతో కొలువవలెను. దూరపు పట్టీ లావుగానున్నచో, టెయిల్‌స్టాకు కొననున్న పాదములలో మన వైపుదాని క్రింద పలుచని రేకుముక్క నుంచవలెను. సన్నగానున్నచో వెనుకదాని క్రింద. విజయవాడ ఆటోనగరులోనైనచో చెంత నిలిచి "ఇంకొంచెం, అన్నా" యని చెప్పువాడుండును. ఇచట ఆ మాట మైక్రోమీటరు చెప్పవలసినదే, అదియే నాకు మిక్కిలి వెలితి.

మిషిగన్ చలికి నేల బిగిసి సడలుచుండును గనుక ఋతువు మారినప్పుడెల్ల ఈ పరీక్ష మరల చేయుదును. చక్కు నుండు హెడ్‌స్టాకు చెంత ఏండ్ల రాపిడికి అరిగిన బెడ్డు దారిని మాత్రము ఏ రేకుముక్కయు సరిచేయజాలదు. దానికి స్క్రేపరు పట్టిన చేయి కావలెను. అందుకై ఇప్పుడు చిన్న పోతయినుప పలకకు నీలిరంగుతో మిట్టలు గుర్తించి, ఒక్కొక్కదానిని గీకుట అభ్యసించుచున్నాను.