కాగితాల ఊరు - ఫాబ్రియానో

ఒక ఆదివారంనాడు మా అబ్బాయి నోటుపుస్తకంలోంచి కాగితం చించి, నీటిరంగులతో పడవ బొమ్మ వేశాడు. ఆకాశానికి నీలం పూసేసరికి కాగితం అప్పడంలా ఉబ్బి వంకర్లు పోయింది. మళ్ళీ పూస్తే నూగు లేచి చిరిగింది. "నాకు బొమ్మలు రావు నాన్నా!" అంటూ వాడు కుంచె అవతల పడేశాడు.

తప్పు వాడిది కాదనీ, కాగితానిదనీ ఫాబ్రియానో వెళ్ళాకగాని నాకు తెలియలేదు.

ఫాబ్రియానో ఇటలీ దేశంలోని ఒక చిన్న పట్టణం. రోమ్ నుంచి అంకోనా పోయే రైలెక్కితే అపెనైన్ కొండల నడుమ ఈ ఊరు వస్తుంది. 13వ శతాబ్దం నుంచీ ఇది కాగితానికి పేరుపొందింది. పూర్వం క్రైస్తవ సన్యాసులు ఉండిన ఒక మఠంలో ఇప్పుడు కాగితపు మ్యూజియం ఉన్నది. అక్కడ పాత పద్ధతిలో కాగితం చేసి చూపుతారు.

ఆ రోజుల్లో ఏటినీటితో తిరిగే చక్రం పెద్దపెద్ద కొయ్య సుత్తులను లేపి దించేది. సుత్తులు చింకిగుడ్డలను దంచి గుజ్జు చేసేవి. ఆ గుజ్జును తొట్టి నీళ్ళలో కలిపి, పనివాడు తీగెల జల్లెడ ముంచి పైకెత్తి, అటూ ఇటూ ఊపుతాడు. నీరు కారిపోయి తెల్లని పొర నిలుస్తుంది. దాన్ని ఉన్నిగుడ్డమీద బోర్లించి, నొక్కి ఆరవేస్తారు. అదే కాగితం!

అయితే కాగితమంటే మొదట్లో అందరికీ నమ్మకం ఉండేది కాదు. గంజి పెట్టిన కాగితానికి బూజు పట్టేది, పురుగులు తినేవి. 1231లో చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్, ప్రభుత్వ పత్రాలు కాగితంమీద రాయరాదని శాసించాడు. తరవాత ఫాబ్రియానోవారు గంజి మానేసి, తోలుముక్కలు ఉడకబెట్టి తీసిన జిగురులో కాగితాన్ని ముంచసాగారు. కాగితం గట్టిపడి వందల ఏళ్ళు నిలిచింది.

చిత్రకారుడికీ ఇటువంటి జిగురే ఆధారం. జిగురు లేకపోతే కాగితం అద్దుడు కాగితంలా రంగును లోపలికి లాగేస్తుంది. జిగురుంటే రంగు పైనే నిలుస్తుంది. నీటిరంగు పలచనిది. దాని గుండా కాగితపు తెలుపు కనిపిస్తేనే బొమ్మకు వెలుగు.

కాగితం కొనేటప్పుడు మూడు సంగతులు చూడాలి. మొదటిది దినుసు. పత్తితో చేసినది మేలు. చౌకరకపు కొయ్యగుజ్జు కాగితం పాత వార్తాపత్రికలా పసుపెక్కుతుంది. రెండవది బరువు. నోటుపుస్తకపు కాగితం చదరపు మీటరుకు 60 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. బొమ్మలకు 300 గ్రాములదైతే నీటికి అంతగా వంగదు. అంతకన్న పలచనిదైతే ముందుగా తడిపి, నాలుగంచులూ పలకకు అతికించి, ఆరాక బొమ్మ వేయాలి. మూడవది పైభాగం. సన్నని గీతలకు నున్నని కాగితం, కొండలకూ సముద్రానికీ గరుకు కాగితం బాగుంటాయి. కొత్తగా నేర్చుకునేవారికి మధ్యరకం మంచిది.

ఒక చిన్న పరీక్ష కూడా ఉన్నది. కాగితం మూల ఒక నీటిచుక్క వేయండి. చుక్క ముత్యంలా నిలిస్తే సరే. వెంటనే ఇంకిపోతే ఆ కాగితం నీటిరంగులకు పనికిరాదు.

మంచి కాగితం ఖరీదైనదే. కాని 56 సెంటీమీటర్ల వెడల్పూ, 76 సెంటీమీటర్ల పొడవూ ఉండే పెద్ద కాగితం ఒక్కటి కొంటే ఎనిమిది బొమ్మలు వేసుకోవచ్చు. నేను తెచ్చిన కాగితాన్ని అలాగే ఎనిమిది ముక్కలు చేసి మావాడికి ఇచ్చాను. వాడు మళ్ళీ పడవే వేశాడు. ఈసారి ఆకాశం వంకర్లు పోలేదు. తెరచాపకు రంగే పూయక, కాగితపు తెలుపునే ఉంచేశాడు.

బొమ్మ ఆరకముందే, "ఇంకా ఏడు ముక్కలున్నాయి నాన్నా!" అన్నాడు.