నాగాయలంకలో తెడ్డు చదువు

ఎండాకాలంలో ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణంటే ఇసుక తిన్నెలే. అదే నది కరకట్ట వెంట అవనిగడ్డ దాటి నాగాయలంక చేరేసరికి నిండుగా కనిపిస్తుంది. సముద్రపు పోటు అక్కడిదాకా ఎగదన్నుతుంది మరి. దివిసీమ పిల్లలకు కయాక్, కనో నేర్పే జలక్రీడల అకాడమీ అక్కడుందంటే ఆశ్చర్యమేముంది!

ఒడ్డున ఒక కుర్రాడు నేలమీదే కూర్చుని తెడ్డు ఆడిస్తున్నాడు. "చేతులతో కాదురా, కాలితో తొయ్యి" అంటున్నారు కోచ్. కదలకుండా కూర్చున్నవాడికి కాలితో పనేమిటని అడిగాను. కుడిపక్క తెడ్డు ముంచగానే కుడికాలు పడవలోని ఫుట్‌రెస్ట్‌ను తన్నాలట. ఆ తన్నుకు నడుము తిరుగుతుంది, నడుముతో భుజం వెనక్కి వస్తుంది. చెయ్యి కొక్కెంలా పట్టుకుని ఉంటే చాలు. "మోచెయ్యి ముందే మడిచారా, సగం దూరంలోనే చేతులెత్తేస్తారండీ!"

ఇక్కడి జాలర్లకు గడ కొత్త కాదు. గడకు కింద నేల ఆనుతుంది, తోసిన బలం పడవకు దక్కుతుంది. తెడ్డుకు ఆ అదృష్టం లేదు. నీరు వెనక్కి జారిపోతుంది, బలంలో కొంత ఆ నీటిని కదిలించడానికే ఖర్చవుతుంది. అందుకని తెడ్డు రెక్కను వీలైనంత ఉన్నచోటే నిలిపి, పడవనే దాన్ని దాటించాలి. 1980లలో స్వీడన్‌లో పుట్టిన వింగ్ ప్యాడిల్ గొప్పతనం ఇక్కడే ఉంది. దాన్ని నేరుగా వెనక్కి లాగరు, పడవకు దూరంగా పక్కకు జరగనిస్తారు. వంపు తిరిగిన రెక్క మీదుగా పారే నీరే ముందుకు నెట్టే బలాన్ని పుట్టిస్తుంది. పైగా రెక్కకు ఎప్పటికప్పుడు కదలని కొత్త నీరు దొరుకుతుంది.

నన్నడిగితే కనోయే కష్టం. ఒక మోకాలి మీద ఉండి, ఒంటిరెక్క తెడ్డును ఒకే పక్క వెయ్యాలి. కుడిపక్క వేస్తే ముక్కు ఎడమకు పోతుంది. చుక్కాని ఉండదు. తెడ్డు పైకి తీసేముందు రెక్కను కాస్త మెలితిప్పి బయటికి నెడితేనే దారిలో పడుతుంది. ఒకమ్మాయి తెడ్డు వేస్తుంటే ఎంత చూసినా ఆ మెలిక నా కంటికి చిక్కలేదు, పడవ మాత్రం తిన్నగా సాగిపోయింది.

వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది, ఒంట్లోంచి క్షణక్షణం పోయే శక్తి ఎనిమిది రెట్లు. పందెపు కయాక్‌ను అంత సన్నగా చెక్కేది అందుకే. ఒక్కరు నడిపే దాని పొడవు 5.2 మీటర్లు మించకూడదు, బరువు 12 కిలోలకు తగ్గకూడదు. ఆ సన్నదనంతోనే కొత్తవాళ్లు నీళ్లలో పడేది కూడా. స్టాప్‌వాచ్ పట్టుకున్నవాళ్లకు మాత్రం ఈ ఏటితో పేచీ తప్పదు. పోటుకు ఎదురెళ్తే ఒక టైము, వాలుకు వస్తే ఇంకొకటి. పోటుకూ పాటుకూ నడుమ నీరు నిలిచిన కాసేపట్లో తీసిన టైమునే నమ్మాలి.