వేలిముద్రకు ముందు

కొండ ఊళ్లలో గ్రామసభలు పెట్టించడం, జనాన్ని వాటికి సిద్ధం చేయడం నా పని. అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ మండలాల్లో ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. నువ్వు ఈ పనిలోకి కొత్తగా వచ్చావంటే ముందు ఊరి రోజులు తెలుసుకో. సంత రోజున సభ పెట్టకు. ఇటుకల పండుగ సాగుతున్నప్పుడు పెట్టకు. కాఫీ పళ్లు కోసే కాలంలో పగలు పెడితే నీ ముందు ముసలివాళ్లూ పిల్లలే కూర్చుంటారు. అటవీ హక్కుల తీర్మానానికి సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. అటవీ హక్కుల నియమాలకు 2012లో వచ్చిన సవరణ పెట్టిన కోరం ఇది. చీకటి పడ్డాక, వంటలయ్యాక పెట్టు, నిండుతుంది.

సభ నిండాక చెప్పడానికి ఈ కొండల్లో మా పాఠం బొర్రా. అక్కడి గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెక్కింది. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం ప్రభుత్వానికైనా కుదరదని 1997 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పుకు ఆధారం, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చేసిన 1/70 చట్టం. ఏ ఊరు వెళ్లినా ముందు ఈ సంగతే చెబుతాను. బొర్రా అందరికీ తెలిసిన చోటు గనుక చెవులొగ్గి వింటారు.

ఇక తీర్మానంలో రాయాల్సిన ఊరి సరిహద్దు. మొదట్లోనే కాగితం ఇవ్వకు. నేల ఊడ్పించి బూడిదతో గెడ్డ గీయమను, గింజలు పెట్టి ఇళ్లు చూపించమను. ఒకరు గీస్తే ఇంకొకరు చెరుపుతారు. ఆ తగువు తెగేదాకా నువ్వు నోరు మెదపకు. తర్వాతే జీపీఎస్ పట్టుకుని కొండెక్కాలి. పోడు 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ సాగులో ఉందని చూపాలి. పొలంలో రాళ్ల గట్లు ఒక రుజువు, పెద్దల వాంగ్మూలం ఇంకొకటి.

ఈ పని నాకు నేర్పింది ఒక కొండదొర పెద్దాయన. ఆయనకు చదువు రాదు. మినిట్స్ పుస్తకంలో ఖాళీ జాగా కనబడితే అడ్డంగా గీత కొట్టించేవారు, తర్వాత ఎవరూ ఏదీ ఇరికించకుండా. తీర్మానం తెలుగులో రాసినా, ఆదివాసీ ఒడియాలో చదివి వినిపించేదాకా ఇంకు డబ్బా మూత తీయనిచ్చేవారు కాదు.

అలా చదివి వినిపించడం విలువ ఒక సభలో చూశాను. తీర్మానం చదువుతుంటే వెనక నుంచి ఒక ముసలామె లేచి, "ఆగు బాబూ, గెడ్డ అవతల మా శ్మశానం ఏదీ?" అంది. నిజమే, రాతలో లేదు. ఊరంతా ఒక్కసారిగా మాట్లాడింది. జాకర దేవత చోటు కూడా చేర్చమన్నారు. లాంతరు వెలుగులో మొదటి నుంచి తిరగరాశాం. ఆమె మళ్లీ విని, తలూపి, అప్పుడు బొటనవేలు చాచింది. నా ఉద్యోగంలో మొదటి గెలుపు అదే.

అన్నీ అలా ముగియవు. కొన్ని దరఖాస్తులు ఏళ్లకేళ్లు కదలవు, ఆ ఊళ్లకు మొహం చూపించడం కష్టం. అయినా వెళ్లాలి. క్లెయిమ్ ఇచ్చిన రోజే రసీదు అడిగించు. తిరస్కరిస్తే కారణం కాగితం మీద ఇమ్మని పట్టుబట్టించు. పై కమిటీకి వెళ్లడానికి గడువు 60 రోజులే, ఆ తేదీ గోడ మీద బొగ్గుతో రాయించు. నకళ్లు రెండు తీయించి, ఒకటి ఊరి అటవీ హక్కుల కమిటీ (ఎఫ్‌ఆర్‌సి) అధ్యక్షుడి దగ్గర, ఇంకొకటి ఊళ్లో చదువుకున్న ఆడపిల్ల దగ్గర ఉంచు.