పడక సీనా? కాటి సీనా?

బెజవాడ నుంచి బందరు పోయే రోడ్డుమీద ఉయ్యూరు తగులుతుంది. బస్సులో దాటిపోయేవారికి అది పంచదార ఫ్యాక్టరీ పేరుతో తెలిసిన ఊరు. దిగి చూడాలంటే వీరమ్మతల్లి తిరునాళ్ళకు వెళ్ళాలి. మాఘశుద్ధ ఏకాదశినాడు మొదలై పదిహేను రోజులు సాగుతాయి.

పద్యనాటకం రుచి తెలిసిన నలుగురు యీ వైపు కాఫీహోటల్లో కలిశారంటే రాజకీయాలు వెనకబడవలసిందే. యే సీను గొప్పది? అర్జునుడూ, దుర్యోధనుడూ కృష్ణుణ్ణి సాయమడగడానికి వచ్చే పడక సీనుదే పెద్దపీట అంటారు కొందరు. తిరుపతి వేంకటకవుల్లో చెళ్ళపిళ్ళవారు బందరు హిందూ హైస్కూల్లో పాఠాలు చెప్పారాయె. మనవారన్న అభిమానం ఎక్కడికి పోతుంది! హరిశ్చంద్రలో కాటి సీనును మించింది లేదంటారు ఇంకొందరు. నాటకం బలిజేపల్లివారిది. కాని జనం చెవులు రిక్కించి వినే శ్మశాన పద్యాలు జాషువాగారివి. మరి మార్కులెవరికి వెయ్యాలి?

వెనక యీ తీర్పు "వన్స్‌మోర్" కేకలతోనే తేలిపోయేది. వేషధారి అదే పద్యం మళ్ళీ ఎత్తుకునేవాడు. అది ముచ్చటే గాని, నష్టమూ లేకపోలేదు. నెగ్గిన సీన్లే బతికాయి. ఇప్పుడు బేరమాడేటప్పుడే పడక సీను, రాయబారం, కాటి సీను అని విడివిడిగా అడిగేవారున్నారు. పాండవోద్యోగం తర్వాత పాండవవిజయం కూడా ఉందని ఎందరికి గుర్తు? తిరునాళ్ళ పదిహేను రాత్రుల్లో ఒక్కరాత్రి నాటకం పూర్తిగా వేయించాలనుకున్నా, ఖర్చు మాట అటుంచండి, యుద్ధం దాకా పద్యాలు వచ్చిన ధర్మరాజు ఎక్కడ దొరుకుతాడు?