పాతకారు మూలుగు

యంత్రమునకు నోరు లేదందురు. కాని అది బాగుగా నున్నప్పుడొక తీరునను, చెడుట కారంభించినప్పుడు వేరొక తీరునను ధ్వనించుచునే యుండును. పూర్వము బండి తోలువారు ఇరుసు కిర్రుమన్నంతనే బండిని నిలిపి, కందెన పెట్టి, మరల సాగిపోయెడివారు. ఎద్దుబండికి రెండే చక్రములు, ఒకటే ఇరుసు. దోషమెచ్చటనని వెదుక నక్కరలేదు. మోటారుకారు సంగతి అట్టిది కాదు. అందు తిరుగు భాగములు ఎన్నియో కలవు. వానిలో నేది మూలిగినను ఆ ధ్వని ఇనుప చట్రము వెంబడి కారంతట వ్యాపించును. ఉక్కు ధ్వనిని చక్కగా మోసికొనిపోవును. అందు ధ్వనివేగము గాలిలోకంటె సుమారు 15 రెట్లు. కావున ముందు పుట్టిన మోత వెనుక పుట్టినట్లు తోచి చెవి మోసపోవుట వింత కాదు.

కలకత్తా సమీపమున ఉత్తరపారాలో 2014 వరకు తయారైన అంబాసిడరు కారును తీసికొందము. దాని ఇంజను ముందు భాగమున నుండును. కారును నడుపునవి వెనుక చక్రములు. ఈ రెండింటిని కలుపుచు కారు పొట్టక్రింద నొక పొడవైన ఇనుప గొట్టము తిరుగుచుండును. దానిని ప్రొపెల్లరు షాఫ్టు అందురు. అది వెనుక ఇరుసు నడుమనున్న పండ్ల చక్రములను త్రిప్పగా, అవి చక్రములను త్రిప్పును. ముందు చక్రములు మాత్రము ఎద్దుబండి చక్రములవలె ఊరక దొర్లుచు పోవును.

విజయవాడలో విశ్రాంతి పొందిన యొక ఉపాధ్యాయునికి అట్టి కారు కలదు. 2025 ఆరంభమున ఆ కారు మూలుగ నారంభించెను. వేగము గంటకు 40 కిలోమీటర్లు దాటగనే సన్నని 'ఊఁ' కారము వినవచ్చెడిది. 60 చేరునప్పటికి లోపలివారు గొంతెత్తి మాటలాడుకొనవలసి వచ్చెడిది. అది టైర్ల మోత యని ఒకరు చెప్పిరి. ఆయన నాలుగు టైర్లును మార్పించెను. మూలుగు మారలేదు. మరియొకరు చక్రములను ఊపి చూచి, వదులు లేదు గనుక దోషము వెనుక ఇరుసులోని పండ్ల చక్రములలోనే యున్నదనియు, ఇరుసంతయు విప్పవలెననియు తేల్చిరి. అందులకగు వ్యయము ఆయన రెండు నెలల పింఛనును మించును. శివరాత్రికి మనుమలతో శ్రీశైలము పోవలెనని ఇంటిల్లిపాదియు ఎదురుచూచుచుండిరి. దోర్నాల దాటిన తరువాత దారియంతయు కొండ మలుపులే. ఈ మూలుగుతో ఆ ఘాటు నెక్కుట యెట్లని ఇల్లాలికి దిగులు పట్టుకొనెను.

ఆయన కారును ఆటోనగరులోని యొక వృద్ధ మేస్త్రీ యొద్దకు తీసికొనిపోయెను.

"మేస్త్రీగారూ, వెనుక ఇరుసు విప్పవలెనట!"

"విప్పుదము మాస్టారూ, తొందర యేమి? ముందు దానిని నాలుగు ప్రశ్నలు అడిగి చూతము."

మొదటి ప్రశ్న కారు నిలిచియుండగనే అడుగబడెను. మేస్త్రీ గేరు తీసివేసి ఇంజను వేగమును హెచ్చించెను. మూలుగు వినబడలేదు. మరునాడు తెల్లవారుజామున ఇరువురును ఉయ్యూరు వైపు బయలుదేరిరి. రోడ్డు సమముగను నిర్జనముగను ఉన్నచోట మేస్త్రీ 50 కిలోమీటర్ల వేగమున నాలుగవ గేరులో కొంత దూరము, అదే వేగమున మూడవ గేరులో కొంత దూరము నడిపెను. మూడవ గేరులో ఇంజను మరింత హెచ్చుగా తిరుగును. దాని మ్రోత పెరిగెను. మూలుగు శ్రుతి మాత్రము వెంట్రుకవాసియైనను మారలేదు. తరువాత క్లచ్చి నొక్కి గేరును న్యూట్రలులోనికి తెచ్చెను. ఇంజను గుసగుసలోనికి దిగిపోయెను. మూలుగు తగ్గక, కారు వేగము తగ్గిన కొలదిని మెల్లమెల్లగ తగ్గెను. ఇంతటితో ఇంజను నిర్దోషి యని తేలెను. దోషము చక్రములతోపాటు తిరుగు వానిలోనే యుండవలెను.

పాతకార్లలో ఇచ్చట నొక చిన్న చిక్కు కలదు. వేగమును చూపు ముల్లునకు గేరుపెట్టెనుండి తిరుగుడు తీగ యొకటి వచ్చును. దానిలో గ్రీజు ఎండిపోయినను అది వేగముతోపాటు కీచుమనును. మేస్త్రీ ముందుగనే ఆ తీగను పరీక్షించియుండెను. పెద్ద ఇరుసును అనుమానించుటకు ముందు చిన్న తీగను చూచుట అనుభవజ్ఞుల పద్ధతి.

ఇక మిగిలిన వానిని వేరుచేయుటకు కొంత లెక్క తోడ్పడును. విద్యార్థులు దీనిని వేసి చూడవచ్చును. అంబాసిడరు చక్రము చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లనగా నిమిషమునకు 1 కిలోమీటరు. అనగా చక్రము నిమిషమునకు 500 మారులు, సెకనునకు 8 మారులకు పైగా తిరుగును. ప్రొపెల్లరు షాఫ్టు అంతకు నాలుగు రెట్లకు మించి తిరుగును. 15 కిలోమీటర్ల వేగమున చక్రము సెకనునకు రెండు మారులే తిరుగును. టైరు గాళ్ళలో రాయి చిక్కుకొన్నచో ఆ వేగమున 'టక్కు టక్కు' మను దెబ్బలను వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. షాఫ్టు దోషమైనచో దెబ్బలు లెక్కకు అందక అదురుగా తెలియును. అయినను లెక్క యొక్కటే చాలదు. చక్రము లోపలి బేరింగులో ఉక్కు వలయముల నడుమ గుండ్లో రోలర్లో వరుసగా పేర్చబడియుండును. వలయముపై నొక గుంట పడినచో, చక్రమొకమారు తిరుగునంతలో వానిలో పెక్కు ఆ గుంట మీదుగా దాటును. కావున చక్రపు దోషమైనను అది దెబ్బలుగా గాక మూలుగుగానే వినవచ్చును. మాస్టారు వెనుక ఇరుసును శంకించుటలో తప్పేమియు లేదు.

ఆ శంకను తీర్చుటకు మేస్త్రీ మరల గేరు వేసి, ఒకే వేగము దగ్గర యాక్సిలరేటరును ఒకమారు నొక్కుచు, ఒకమారు వదలుచు నడిపెను. పండ్ల చక్రములు అరిగినచో, లాగునప్పుడొక విధముగను వదలినప్పుడొక విధముగను కూయుట సామాన్యము. ఇచ్చట భేదము కనబడలేదు. తారురోడ్డు ముగిసి సిమెంటు రోడ్డు వచ్చెను. టైర్ల చప్పుడు మారెను గాని మూలుగు మారలేదు.

అప్పుడాయన వేగమును కొంచెము తగ్గించి, స్టీరింగును మెల్లగా ఎడమకు త్రిప్పెను. కారు బరువు కుడివైపునకు ఒరిగెను. మూలుగు ఒక్కసారిగా హెచ్చెను. కుడికి త్రిప్పగా బరువు ఎడమకు పోయి, మూలుగు ఇంచుమించు అణగిపోయెను. రెండవమారును అట్లే జరిగెను.

"కుడివైపు చక్రము, మాస్టారూ. ముందుదో వెనుకదో షెడ్డులో తేలును."

షెడ్డునకు వచ్చి వెనుక చక్రములకు మొద్దులు అడ్డుపెట్టి, ముందు కుడి చక్రమును జాకీతో ఎత్తి, చట్రము క్రింద గట్టి స్టాండును నిలిపిరి. జాకీ నొక్కదానినే నమ్మి కారు క్రింద చేయి పెట్టుట ఆ షెడ్డులో నిషేధము. చక్రమును పైనను క్రిందను పట్టి ఊపగా వదులు లేదు. మొదటివారు ఇంతవరకే చూచి విడిచిరి. మేస్త్రీ ఒక చేతితో చక్రమును త్రిప్పుచు, రెండవ చేతి వ్రేళ్ళను దానిని మోయు ఉక్కు భాగముపై నుంచెను. తరువాత మాస్టారి చేతిని పట్టి అచ్చటనే పెట్టించెను. తిరుగలిలో ఇసుక పడినట్లు గరగర వ్రేళ్ళకు తగిలెను.

"నాయనా, నీరు త్రాగినదా ఈ కారు?" అని మేస్త్రీ అడుగగా మాస్టారు ఒక క్షణము మిన్నకుండెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగునగరు ప్రాంతమును ముంచెత్తినప్పుడు ఆ కారు రెండు దినములు చక్రముల పైవరకు నీటిలో నిలిచెను. అటుపిమ్మట ఇంజను నూనె మార్చిరి, ఇరుసు నూనె మార్చిరి, సీట్లు ఎండబెట్టిరి. ముందు చక్రముల గ్రీజు సంగతి ఎవరికిని స్ఫురింపలేదు.

విప్పి చూడగా గ్రీజు పాలు కలిసిన కాఫీ రంగున నుండెను. వలయముపై త్రుప్పు తినివేసిన గుంటలు వరుసగా కనబడెను. అట్లే నడిపినచో బేరింగు వేడెక్కి, కరచుకొని, ముందు చక్రమును పట్టివేయుటకును అవకాశము కలదు. ఘాటు మలుపున అదియే జరిగియున్న కారునకు దిక్కేది? మాస్టారు ఆ వలయమును చాలసేపు త్రిప్పి త్రిప్పి చూచెను. మేస్త్రీ అంతటితో ఆగక ఎడమ చక్రమును కూడ విప్పించెను. అది ఇంకను మూలుగ నారంభింపలేదు గాని అందలి గ్రీజును అదే రంగున నుండెను. రెండువైపులను క్రొత్త బేరింగులు వేసి, గ్రీజు దట్టించి, బిగువు సరిచూచిరి. ఇంతకైన వ్యయము నాలుగు టైర్లలో ఒకదాని వెలకు మించలేదు.

సాయంకాలము మరల ఉయ్యూరు రోడ్డున 60 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా మాస్టారు చెవి యొగ్గి, "మేస్త్రీగారూ, ఇంకను ఏదో కిటకిటలాడుచున్నది" అనెను.

"అది వెనుక తలుపు, మాస్టారూ. ఇన్నాళ్ళు మూలుగులో వినబడలేదు. శ్రీశైలము పోయి రండు, తరువాత చూతము."